రికార్డు ప్లేయర్ కింద ఏం పెట్టాలి: బల్లార్‌పూర్, రాజురా ఇళ్ల లెక్క

సాస్తి బొగ్గు గనిలో బ్లాస్టింగుకు ముందు సైరన్ కూస్తుంది. కాసేపటికి రాజురా వైపు ఇళ్లలో కిటికీ అద్దాలు గలగలమంటాయి, కాళ్ల కింద ఫర్షి బండ ఒక్కసారి గుమ్మంటుంది. రెండు సెకన్లలో అంతా సర్దుకుంటుంది. టీవీ చూసేవాళ్లు తల కూడా తిప్పరు. ఆ సమయంలో ఎల్‌పీ రికార్డు తిరుగుతూ ఉంటే మాత్రం స్పీకరులో బాస్ పలికే ఊఫర్ ఒక్కసారి ముందుకు పొంగి వెనక్కి పడుతుంది, ఒక్కోసారి ముల్లు రెండు గాళ్లు దాటి దూకుతుంది.

1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఆదిలాబాదు జిల్లా తాలూకాగా ఉండి ఇప్పుడు మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఉన్న రాజురాలోనూ, వార్ధా నది ఇవతల బల్లార్‌పూర్‌లోనూ ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, గనిలో హిందీ మాట్లాడే కుటుంబాలకు కొదవ లేదు. నాన్నల కాలంనాటి రికార్డులు అటక మీంచి దించి, మంచి ప్లేయరూ ఆంప్లిఫయరూ కొనుక్కుంటున్న వాళ్లు వీళ్లలోనూ ఉన్నారు. కొన్నాక వచ్చే మొదటి ప్రశ్న, దాని కింద ఏం పెట్టాలని. స్పైకులు (మొనదేలిన లోహపు కాళ్లు), రబ్బరు గుబ్బలు, గ్రానైటు పలకలు, లక్ష దాటే విదేశీ ప్లాట్‌ఫామ్‌లు అన్నీ బజార్లో ఉన్నాయి. ఏది మంచిదని అడిగితే జవాబు రాదు. ఇంట్లో ఏ అదురు ఉంది, అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోంది అని ముందు తేల్చుకుంటేనే వస్తుంది. తేల్చుకోకుండా కొన్న మెత్తటి ప్లాట్‌ఫామ్ అదురును తగ్గించకపోగా మూడు నాలుగింతలు చేసి పైకి పంపే అవకాశం ఉంది. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు.

ఈ ప్రాంతంలో అదురు ప్రధానంగా మూడు చోట్ల పుడుతుంది. ఒకటి బ్లాస్టింగ్. భూమిలోంచి వచ్చే ఆ అలల్లో ఎక్కువ భాగం 30 హెర్ట్జ్‌కు (సెకనుకు 30 ఊపులకు) లోపే ఉంటుంది. గని దూరమయ్యేకొద్దీ పెద్ద అంకెలు నేలలోనే అరిగిపోయి చిన్నవి మిగులుతాయి. అందుకే దూరపు ఇంట్లో అదురు తక్కువే అయినా ఊపు నెమ్మదిగా, ఉయ్యాలలాగా అనిపిస్తుంది. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో పెట్టిన హద్దుల ప్రకారం, గనికి చెందని మామూలు ఇళ్ల దగ్గర నేల కదిలే వేగం 8 హెర్ట్జ్ లోపైతే సెకనుకు 5 మి.మీ., 8 నుంచి 25 మధ్య అయితే 10 మి.మీ., ఆపైన 15 మి.మీ. దాటకూడదు. అవి గోడలు పగలకుండా పెట్టిన హద్దులు. గాడిలో నడిచే ముల్లును దృష్టిలో పెట్టుకుని పెట్టినవి కావు.

రెండోది రైలు. ఢిల్లీ, చెన్నై మధ్య ప్రధాన మార్గం బల్లార్‌పూర్‌లోని బల్లార్షా స్టేషన్ మీదుగానే కాజీపేట వైపు దిగుతుంది. బొగ్గు నిండిన గూడ్సు బండి పోయేటప్పుడు పట్టాల దగ్గరి ఇళ్లలో అదురు నిమిషంపైగా సాగుతుంది. అది ఎక్కువగా పదికి పైన, ఎనభై హెర్ట్జ్ దాకా ఉంటుంది. మూడోది ఎవరూ లెక్కలోకి తీసుకోని కూలర్. ఎండ 45 డిగ్రీలు దాటే చంద్రపూర్ జిల్లాలో వేసవంతా కూలర్ ఆగదు. దాని మోటారు నిమిషానికి సుమారు 1,400 చుట్లు తిరుగుతుంది, అంటే 23 హెర్ట్జ్. ఫ్యాను రెక్కల్లో ఒకదానికి నీటి ఉప్పు పేరుకుని బరువు తేడా వచ్చిందంటే ఆ 23 హెర్ట్జ్ కిటికీ చువ్వల్లోంచి గోడకి, గోడలోంచి రాక్‌కి చేరుతుంది. బ్లాస్టింగ్ రోజులో రెండు క్షణాలు. కూలర్ పదహారు గంటలు.

ఇక ముల్లు సంగతి. ఎల్‌పీ గాడి వెడల్పు సుమారు 50 మైక్రాన్లు, అందులో మెల్లటి స్వరాల చెక్కుడు ఒక మైక్రానుకన్నా తక్కువ. బ్లాస్టింగులో నేల 10 హెర్ట్జ్ దగ్గర సెకనుకు 2 మి.మీ. వేగంతో కదిలిందనుకుందాం. ఇది చట్టం ఒప్పుకునే దానిలో అయిదో వంతు. అయినా ఆ కదలిక అటూ ఇటూ 32 మైక్రాన్లు, అంటే గాడి వెడల్పులో సగం దాటుతుంది. ఇంత కదిలినా ప్రతిసారీ ముల్లు దూకదు. ప్లేయర్ మరీ నెమ్మదిగా ఊగితే ముల్లును మోసే ఆర్మ్ కూడా దాంతోపాటే ఊగుతుంది, ముల్లుకీ గాడికీ మధ్య తేడా రాదు, శబ్దం రాదు. వేగంగా అదిరితే ఆర్మ్ తన బరువుతో ఉన్నచోటే నిలబడుతుంది, కింద రికార్డు కదులుతుంది, ఆ తేడా అంతా సిగ్నలై స్పీకరుకు చేరుతుంది. ఈ రెంటి మధ్యలో ఒక చోట ఆర్మ్ తనంతట తాను ఊగడానికి సిద్ధంగా ఉంటుంది. ఊగే ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్టు, ఆ చోట చిన్న అదురు కూడా పెద్ద ఊపవుతుంది.

ఆ చోటు ఎక్కడో లెక్క కట్టొచ్చు. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్‌కు (ఊగేటప్పుడు ముల్లు దగ్గర తెలిసే ఆర్మ్ బరువుకు) కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించిన చిన్న డబ్బా) బరువు కలిపి, దాన్ని కార్ట్రిడ్జ్ కంప్లయన్స్‌తో (ముల్లు ఎంత సులువుగా కదులుతుందో చెప్పే అంకెతో) గుణించి, వర్గమూలం తీసి, 159ని దాంతో భాగించాలి. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ప్లేయర్ ఆర్మ్ 12 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్ 7.2 గ్రాములు, దాని కంప్లయన్స్ 20. జవాబు 8.1 హెర్ట్జ్. చాలా ప్లేయర్లలో ఇది 8కీ 12కీ మధ్యే పడుతుంది, పడాలనే తయారుచేస్తారు. వంకర రికార్డు ఊపు దీనికి కింద, సంగీతం దీనికి పైన ఉంటాయి కాబట్టి. అయితే బ్లాస్టింగ్ అలలూ సరిగ్గా ఇక్కడే తిరుగుతుంటాయి. మిగతా ఊళ్లలో లేని చిక్కు గని ఊళ్లకు ఇదే.

ప్లాట్‌ఫామ్ కొనకముందు నేలను చూడాలి. హై-ఫై పత్రికల్లో దశాబ్దాలుగా వస్తున్న సలహాలు చాలావరకు ఇంగ్లండు, అమెరికా ఇళ్లను బట్టి రాసినవి. అక్కడ చెక్క దూలాల మీద పలకలు, పైన కార్పెట్. మనిషి నడిస్తే నేల డోలులా ఊగుతుంది. స్పైకులు వచ్చిందీ అందుకే, కార్పెట్‌ను చీల్చుకుని కింది చెక్కను పట్టుకోవడానికి. బల్లార్‌పూర్‌లో గ్రౌండు ఫ్లోరు ఇల్లంటే నింపిన మట్టి మీద పరిచిన ఫర్షి, లేదా కాంక్రీటు. కార్పెట్ లేదు, ఊగే దూలం లేదు. అక్కడి మందు ఇక్కడ వాడితే ఫర్షి మీద నాలుగు గీతలు తప్ప దక్కేది లేదు. స్పైకు అదురును కిందికి పోనిచ్చి పైకి రానివ్వదనే ప్రచారం ఒకటుంది. బిగువుగా ఆనిన లోహానికి అలాంటి పక్షపాతం ఉండదు, ఎటు నుంచి వచ్చినా దాటిస్తుంది.

ఇక్కడి నేలకున్న జబ్బు వేరు. పాత ఇళ్లలో ఫర్షి కింద మట్టి కుంగిపోయి బండ డొల్లగా నిలిచి ఉంటుంది. రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పోతే తెలుస్తుంది: గట్టి చోట ‘టక్’, డొల్ల చోట ‘టొంగ్’. టొంగ్ అన్న బండ మీద ఎంత ఖరీదైన రాక్ పెట్టినా డప్పు మీద పెట్టినట్టే. నల్లరేగడి నేలలో కట్టిన ఇళ్లకు ఈ బాధ ఎక్కువ, ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుపోయి ఖాళీలు వదులుతుంది. మేస్త్రీని పిలిచి ఆ ఒక్క బండ ఎత్తించి, కింద కాంక్రీటు నింపించి మళ్లీ పరిపించడం, ఏ ప్లాట్‌ఫామ్ కన్నా ముందు చేయాల్సిన ఖర్చు. మేడ మీద గదైతే స్లాబు నడిమధ్య ఎక్కువ కదులుతుంది, గోడల దగ్గర తక్కువ. రాక్‌ను గోడ వారగా, బరువు మోసే గోడ దగ్గర పెట్టాలి.

గోడకే బ్రాకెట్ కొట్టి ప్లేయర్ పెడితే ఎలా ఉంటుంది? అడుగుల చప్పుడుకు ఇది బ్రహ్మాండమైన ఉపాయం, పిల్లలు గెంతినా ముల్లు కదలదు. గని ఊళ్లో మాత్రం ఆలోచించాలి. బ్లాస్టింగ్ అదురు ఇళ్లను ఏం చేస్తుందో అమెరికా గనుల బ్యూరో 1980లో ప్రచురించిన అధ్యయనం తేల్చిందేమంటే, ఇళ్లు మొత్తంగా 4 నుంచి 12 హెర్ట్జ్ దగ్గర నేలకన్నా ఎక్కువ ఊగుతాయి, గోడల మధ్యభాగాలు అంతకు కొంచెం పైన. అంటే అడుగుల బాధ మాత్రమే ఉన్న ఇంటికి గోడ మంచిది, గని దగ్గరి ఇంటికి నేలే మంచిది. కూలర్ బిగించిన గోడ ఎవరికీ మంచిది కాదు.

ప్లాట్‌ఫామ్ అసలు సూత్రం చాలా చిన్నది. బరువు పెడితే స్ప్రింగో, రబ్బరో ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో కొలవాలి. ఆ సంఖ్య వర్గమూలంతో 15.8ని భాగిస్తే, ఆ ప్లాట్‌ఫామ్ తానుగా సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. ఒక మిల్లీమీటరు కుంగితే దాదాపు 16 హెర్ట్జ్, నాలుగు కుంగితే 8, పది కుంగితే 5, పాతిక కుంగితే 3 పైచిలుకు. అదురు ఈ అంకెకు సుమారు 1.4 రెట్లు దాటితేనే తగ్గడం మొదలవుతుంది. సరిగ్గా ఈ అంకె దగ్గర ఉన్న అదురు పెరుగుతుంది. బాగా కిందున్న అదురు మారకుండా దాటిపోతుంది.

ఇప్పుడు రబ్బరు గుబ్బల కథ తెలుస్తుంది. చేత్తో నొక్కితే మెత్తగా, నమ్మకంగా ఉంటాయి. ప్లేయర్ పెట్టాక కుంగేది రెండు మిల్లీమీటర్లు, అంటే 11 హెర్ట్జ్. రబ్బరు ఊగేటప్పుడు నిలిచి ఉన్నప్పటికన్నా బిగువుగా ప్రవర్తిస్తుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే. కూలర్ 23 హెర్ట్జ్‌ను అది మూడో వంతుకు తగ్గిస్తుంది, మెచ్చుకోవాల్సిందే. పది హెర్ట్జ్ దగ్గర వచ్చిన బ్లాస్టింగ్ అదురును నాలుగింతలు చేసి, అక్కడే ఊగడానికి కాచుకున్న ఆర్మ్‌కు అందిస్తుంది. మనిషి ‘రబ్బరు పెట్టాక బాస్ బలంగా వస్తోంది’ అని మురిసిపోయే సందర్భాల్లో కొన్నింటికి మూలం ఇదే. సార్బోథేన్ లాంటి మెత్తటి పాలిమర్‌కు డ్యాంపింగ్ (ఊపును చల్లార్చే గుణం) ఎక్కువ కనుక ఈ పెరుగుదల తక్కువగా ఉంటుంది. కానీ అదీ మామూలుగా పది హెర్ట్జ్ చుట్టుపక్కలే ఆగిపోతుంది. పైగా మెత్తటి పాలిమర్ గుబ్బలు వేసవి వేడికి ఇంకా మెత్తబడి పాలిష్ చేసిన చెక్క మీద నూనె మరకలు వదులుతాయి.

స్ప్రింగులతో ఒక లెక్క వేసి చూద్దాం. ఎస్‌ఎల్-1200 ఎంకే7 బరువు 9.6 కిలోలు. దాని కింద 50 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పు, 20 మి.మీ. మందం కడప్పా బండ వేస్తే ఇంకో 10.8 కిలోలు. (కడప నుంచి వచ్చిన బండకు మరాఠీ వంటిళ్లలో దొరికిన పేరు అది, ఈ జిల్లాలో తెలుగువాళ్లూ కడప్పా అనే అంటారు.) మొత్తం ఇరవై కిలోలు, నాలుగు స్ప్రింగులు, ఒక్కోదాని మీద అయిదు. మనకు కావలసింది 3.5 హెర్ట్జ్, అంటే 20 మి.మీ. కుంగాలి. దుకాణంలోనే పరీక్ష: స్ప్రింగును బల్ల మీద నిలబెట్టి, స్కేలు పక్కన ఆనించి, పైన అయిదు కిలోల గోధుమపిండి ప్యాకెట్ పెట్టడం. ఇరవై మి.మీ. చుట్టుపక్కల కుంగి, ఇంకా చుట్లు ఒకదానికొకటి తగలకుండా ఉంటే పనికొస్తుంది. మెకానిక్ షెడ్డులో దొరికే బైకు షాకబ్జార్బర్ స్ప్రింగు అయిదు కిలోలకు మూడు నాలుగు మి.మీ. మించి కుంగదు, చూడ్డానికి ఘనంగా ఉన్నా ఫలితం ఆ రబ్బరు గుబ్బదే. స్ప్రింగు వెడల్పు కన్నా ఎత్తు మరీ ఎక్కువైతే పక్కకి వాలుతుంది, పొట్టిగా లావుగా ఉండాలి. ప్లేయరులో బరువు నాలుగు మూలలా సమానంగా ఉండదు, తేలికైన వైపు స్ప్రింగులను లోపలికి జరుపుతూ స్పిరిట్ లెవెల్ సరిచేయాలి.

ఈ ప్లాట్‌ఫామ్ కూలర్ అదురులో నూటికి రెండు మూడు పాళ్లే పైకి రానిస్తుంది. ఆర్మ్ ఊగే 8 హెర్ట్జ్ దగ్గర పావు వంతుకు దించుతుంది. లోటు కూడా ఉంది: ఉత్త స్ప్రింగుకు డ్యాంపింగ్ దాదాపు లేదు, వేలు తగిలితే కాసేపు ఊగుతూనే ఉంటుంది. చుట్ల లోపల స్పాంజి ముక్క దూర్చితే తగ్గుతుంది. మరీ బిగించి దూర్చితే స్ప్రింగే బిగుసుకుపోతుంది. దూరపు గని నుంచి 4 హెర్ట్జ్ అల వస్తే ఇదీ దాన్ని పెంచుతుంది. ఆ గండం కూడా దాటించే సరుకు లేకపోలేదు. మైనస్ కే అనే అమెరికన్ కంపెనీ ప్రయోగశాలల మైక్రోస్కోపుల కోసం చేసే బల్లలు అర హెర్ట్జ్ దాకా దిగుతాయి. వాటి ధరకు ఇంకో రెండు ప్లేయర్లు వస్తాయి. సైరన్ కూయగానే లేచి ముల్లు ఎత్తేస్తే పైసా ఖర్చు లేదు.

డబ్బు తక్కువున్నవాళ్లకు స్కూటర్ ట్యూబు ఉంది. పంక్చరు దుకాణంలో పాత ట్యూబు తెచ్చి, సగం కన్నా తక్కువ గాలి నింపి, రెండు పలకల మధ్య పెట్టి, పైన ప్లేయర్. గాలి ఎంత తక్కువుంటే ఊపు అంత నెమ్మది, పలక ట్యూబు మీద తేలుతున్నట్టుండాలి. పనితనంలో ఇది చాలా ఖరీదైన వాటికి తీసిపోదు. చూసేవాళ్లు నవ్వుతారు, అదొకటి. వారానికోసారి గాలి చూసుకోవాలి, ఉదయం లెవెల్‌గా ఉన్నది మధ్యాహ్నం వేడికి పొంగుతుంది.

ఒక మినహాయింపు మర్చిపోకూడదు. 1961లో అకౌస్టిక్ రీసర్చ్ కంపెనీ ఎక్స్‌ఏ ప్లేయర్‌లో ఎడ్గర్ విల్చర్ ప్లాటర్నీ (రికార్డును తిప్పే పళ్లేన్ని) ఆర్మ్‌నీ ఒకే ఫ్రేము మీద పెట్టి దాన్ని స్ప్రింగులకు వేలాడదీశాడు. తర్వాతి థోరెన్స్, లిన్ ప్లేయర్లలో చాలావాటిది అదే దారి. ఇలాంటి ప్లేయర్ లోపలే ప్లాట్‌ఫామ్ ఉంది. దాని కింద ఇంకో మెత్తటి స్ప్రింగు బల్ల వేస్తే రెండు ఉయ్యాలలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. దానికి కావలసింది తేలికైన, బిగువైన బల్ల మాత్రమే.

రాక్ విషయంలో చెప్పాల్సింది తక్కువ. పొట్టిదై ఉండాలి, కాళ్లు వెడల్పుగా ఉండాలి, అడ్డంగా తోస్తే కిర్రుమనకూడదు. గాజు అరలు మోగుతాయి. గ్రానైటు, కడప్పా ఒంటిగా ఉంటే గంటలా మోగుతాయి, కింద ఫెల్టో, కార్కో, ప్లైవుడ్డో అతికిస్తే నోరు మూసుకుంటాయి. వెల్డింగ్ షాపులో ఎంఎస్ (మైల్డ్ స్టీల్) స్క్వేర్ పైపుతో చేయించుకుంటే, పైపులో ఎండబెట్టి జల్లించిన ఇసుక నింపి మూత వేయించాలి. ఖాళీ పైపును, నిండిన పైపును తాళంచెవితో తట్టి చూస్తే తేడా వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. తడి ఇసుక పోస్తే లోపల తుప్పు. అల్లాపల్లి అడవి టేకు బల్లార్షా డిపోకు వచ్చే ఊరిలో ఉంటూ నాగపూర్ నుంచి పార్టికల్ బోర్డు రాక్ తెప్పించుకోవడం మాత్రం అర్థం కాని పని.

ఏ పరికరానికి ఇదంతా అవసరం? ప్లేయరుకు అవసరం. వాల్వు (పాతకాలపు గాజు గొట్టాల) ఆంప్లిఫయరుకు, అందులోనూ ప్లేయర్ సన్నటి సిగ్నల్‌ను పెంచే ఫోనో స్టేజి వాల్వులకు కొంత అవసరం. వాల్వును పెన్సిలుతో మెల్లగా తట్టితే స్పీకరులో ‘టింగ్’ అని వినిపిస్తుంది, లోపలి సన్నటి తీగల గ్రిడ్డు కదిలి సిగ్నల్ అవుతోందన్నమాట. సీడీ ప్లేయర్‌కు దాదాపు అవసరం లేదు, సీడీలో తప్పులు దిద్దే పద్ధతి ట్రాకు మీద రెండున్నర మి.మీ. పొడవు గీతనైనా పూడ్చుకుంటుంది. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్, డ్యాక్ (డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చే పెట్టె), స్ట్రీమర్ (ఇంటర్నెట్ పాటలు అందుకునే పెట్టె) కింద వేల రూపాయల కాళ్లు పెట్టడానికి ఇంజనీరింగు కారణం కనబడదు. సెరామిక్ కెపాసిటర్లలో కొన్ని రకాలకు అదిరితే విద్యుత్తు పుట్టే గుణం ఉన్నమాట నిజం. దాన్ని చూపించి మొత్తం సరుకు అమ్మేయడం వ్యాపారం.

స్పీకర్ల కింద పెట్టేవాటి పని ఇంకొకటి: స్పీకరు పెట్టె అదురు నేలలోకి దిగకుండా చూడటం. కింద అద్దెకున్నవాళ్లున్న మేడగదిలో దీని విలువ తెలుస్తుంది. ఇక్కడా బరువుకు తగ్గదే కొనాలి. ఐసోఅకౌస్టిక్స్ కంపెనీ గయా కాళ్లలో మూడు సైజులు ఒక్కో స్పీకరుకు 32, 54, 100 కిలోల దాకా మోస్తాయి. చిన్న స్పీకరు కింద పెద్దవి పెడితే ‘ఎందుకైనా మంచిది’ కాదు, అవి కుంగవు, పనిచేయవు.

స్పీకరు నుంచి గాలిలో వచ్చే దెబ్బను మాత్రం ఏ ప్లాట్‌ఫామూ ఆపలేదు. ప్లేయర్ గది మూలలో ఉంటే మరీ కష్టం, బాస్ అంతా మూలల్లోనే పోగవుతుంది. పై ప్లాస్టిక్ మూత కూడా ఆ గాలికి డప్పు తోలులా అదురుతుంది. బొగ్గు ధూళి ఊళ్లో మూత లేకుండా కుదరదు కాబట్టి, పాట పెట్టేటప్పుడు పూర్తిగా తీసి పక్కన పెట్టి, ముల్లు ఎత్తగానే మళ్లీ వేయడమే దారి.

కొనే ముందూ కొన్నాకా చేయాల్సిన పరీక్ష ఒకటే. ప్లాటర్ ఆపి, ఆగి ఉన్న రికార్డు మీద ముల్లు దించి, వాల్యూమ్ రోజూ పెట్టే చోట పెట్టాలి. రాక్‌ను వేలి కణుపుతో తట్టాలి, గదిలో నడవాలి, కూలర్ వేసి ఆపి చూడాలి. ఆ నిశ్శబ్దాన్ని కంప్యూటర్లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేసి స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపే గీత) చూస్తే ఏ అంకె దగ్గర గుట్ట లేచిందో కనిపిస్తుంది. 23 దగ్గర లేస్తే కూలర్. 50 దగ్గర లేస్తే ముల్లు పైకెత్తి మళ్లీ చూడాలి. ఎత్తినా గుట్ట అలాగే ఉంటే అది అదురు కాదు, ఎర్త్ వైరు గొడవ, దానికి ప్లాట్‌ఫామ్ కొంటే డబ్బు దండగ. ఫోనులో జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చే, అదురును కొలిచే ఫైఫాక్స్ యాప్ వేసి, ఫోనును కూలర్ స్టాండు మీద ఒకసారి, రాక్ మీద ఒకసారి పెడితే దొంగ ఎటువైపు నుంచి వస్తున్నాడో తెలుస్తుంది. రాక్ మీది అదురు మరీ సన్నదైతే ఫోనుకు అందదు, అప్పుడు ముల్లునే నమ్మాలి. 23 దగ్గర గుట్ట లేచిన ఇంట్లో మొదట చేయాల్సింది రాక్ దగ్గర కాదు. కూలర్‌ను కిటికీ చువ్వల నుంచి విప్పి, బయట దాని స్టాండు మీద, నాలుగు కాళ్ల కింద మందపాటి రబ్బరు వేసి నిలబెట్టి, ఫ్యాను రెక్కల మీద ఉప్పు గీకి, మళ్లీ ముల్లు దించి వినాలి.